ఈశాన్య వానలకు ముందే: ఆఫీసు ఫోన్లకు వాయిస్ మెయిల్ కలిపేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు, ప్రకాశం తీరంలో ఏ అల్పపీడనం ఎప్పుడు తుఫానుగా మారుతుందో చెప్పలేము. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో రొయ్యల మేత కంపెనీలకు, హేచరీలకు, ఐస్ ప్లాంట్లకు రాత్రీ పగలూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. మనిషి లేని వేళ ఆ మాటలను భద్రపరచడానికే వాయిస్ మెయిల్ పెట్టుకుంటాము కాబట్టి, దానిని ఆఫీసు ఈపీఏబీఎక్స్‌కు, అంటే లోపలి ఫోన్లను బయటి లైన్లతో కలిపే చిన్న ఎక్స్ఛేంజికి, కలిపే పనిని సెప్టెంబరులోనే ముగించి, పరీక్షించుకోవడం మంచిది.

తీగ ముట్టుకునే ముందు ఈపీఏబీఎక్స్‌లో ఇప్పుడున్న ప్రోగ్రామింగ్‌ను కంప్యూటరులోకి కాపీ తీసుకోవాలి, లేదా కాగితం మీద రాసి ఉంచుకోవాలి. చిన్న ఆఫీసుల్లో వాయిస్ మెయిల్‌ను సాధారణంగా సింగిల్ లైన్ ఎక్స్‌టెన్షన్ పోర్టులకే, అంటే మామూలు ఫోన్లు తగిలించే చోట్లకే, కలుపుతారు. డిజిటల్ ఫోన్ల కోసం ఉన్న పోర్టు చూడడానికి అలాగే ఉన్నా దాని సంకేతాలు వేరు కనుక, పొరపాటున అక్కడ తగిలిస్తే పని చేయకపోగా కార్డు దెబ్బతినవచ్చు. టెలిఫోన్ తీగల జతలో మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది, గంట మోగేటప్పుడు అంతకంటే ఎక్కువ ఏసీ వస్తుంది. తడి చేతులతో, ఉరుములు వినిపిస్తుండగా ఈ పని చేయనే కూడదు. బయటి లైన్లు లోపలికి వచ్చే ఎండీఎఫ్ పెట్టె దగ్గర సర్జ్ ప్రొటెక్టర్లు (హఠాత్తుగా వచ్చే అధిక వోల్టేజిని భూమిలోకి మళ్ళించేవి) ఉన్నాయా, వాటి ఎర్తింగ్ సరిగా ఉందా అని ముందుగా చూడాలి, ఎందుకంటే ఎర్త్ లేని ప్రొటెక్టరు పిడుగుపాటు వేళ రక్షించదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది, అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడని వాయిస్ మెయిల్ ఎలా తెలుసుకుంటుందన్న విషయం మీద. చాలా యంత్రాలు బిజీ టోన్‌ను విని లైన్ వదిలేస్తాయి. అమెరికా ప్రమాణంలో ఆ టోన్ 480, 620 హెర్ట్జ్‌ల జంట స్వరం, అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. మన దేశంలో అది 400 హెర్ట్జ్ ఒంటి స్వరం, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంది. యంత్రంలో దేశం సెట్టింగ్ మార్చకుండా వదిలేస్తే, రైతు రెండు మాటలు చెప్పి పెట్టేసిన తరువాత కూడా యంత్రం ఆ మోతనే రికార్డు చేస్తూ పోర్టును పట్టుకుని కూర్చుంటుంది. రెండే పోర్టులున్న చోట అలాంటి కాల్స్ రెండు వస్తే చాలు, మూడవ మనిషికి దారి ఉండదు. ఈపీఏబీఎక్స్ సొంత టోన్ బయటి లైన్ టోన్‌కు భిన్నంగా ఉండవచ్చు కనుక రెండింటినీ యంత్రానికి నేర్పించాలి. అదనపు రక్షణగా ఒక్కో సందేశానికి గరిష్ఠ నిడివిని రెండు మూడు నిమిషాలకు పరిమితం చేయాలి.

వాయిస్ మెయిల్ పోర్టులన్నింటినీ ఒక హంట్ గ్రూపుగా (ఒకటి బిజీగా ఉంటే కాల్ తరువాతి దానికి వెళ్ళే జట్టుగా) చేసి, ఎవరూ ఎత్తనప్పుడు, లైన్ బిజీగా ఉన్నప్పుడు కాల్ ఆ గ్రూపుకు మళ్ళేలా పెట్టాలి. మన రింగు ఒక్కో ఆవృత్తి మూడు సెకన్లు కనుక, అయిదు రింగులంటే పదిహేను సెకన్లు అని లెక్క వేసుకోవచ్చు. ఆపరేటరు ఎత్తకపోతే వాయిస్ మెయిల్‌కు, వాయిస్ మెయిల్‌లో సున్నా నొక్కితే మళ్ళీ ఆపరేటరుకు వెళ్ళే చక్రం ఏర్పడకుండా చూడాలి.

వాయిస్ మెయిల్‌కు తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. వాయిస్ మెయిల్ పోర్టుల నుంచి ఎస్‌టీడీ, ఐఎస్‌డీ కాల్స్‌ను ఈపీఏబీఎక్స్‌లోనే నిషేధించాలి, లేకపోతే బయటివారు మీ లైన్ మీద విదేశాలకు మాట్లాడుకునే ప్రమాదం ఉంది.

కొత్త సందేశం ఉందని తెలిపే దీపం ఫోన్‌లో లేకపోతే, రోజుకు రెండుసార్లు వాయిస్ మెయిల్ సందేశాలను తెరిచి వినే బాధ్యతను ఒక మనిషికి అప్పగించాలి. చెరువులో ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగిపోయాయని అర్ధరాత్రి చేసిన ఫోన్‌ను ఉదయం విని ప్రయోజనం లేదు. అటువంటి కాల్స్‌ను రికార్డింగ్‌కు కాక నేరుగా డ్యూటీలో ఉన్నవారి సెల్‌కు మళ్ళించడమే సరైనదని నా అభిప్రాయం. పలకరింపును తెలుగులో, నెమ్మదిగా రికార్డు చేయాలి.

చివరగా మెయిన్ స్విచ్ ఆపి, యూపీఎస్ మీద ఈపీఏబీఎక్స్, వాయిస్ మెయిల్ రెండూ నడుస్తున్నాయో లేదో బయటి ఫోన్ నుంచి చేసి చూడాలి. తరువాత యూపీఎస్‌ను కూడా ఆపి, బయటి లైన్ నేరుగా మోగే ఫోన్ ఏదో గుర్తించి, దాని మీద చీటీ అంటించి, రాత్రి కాపలా ఉండే మనిషికి చూపించాలి.