కుమితే నేర్చుకుందాం – 3వ పాఠం: దూరం

కుమితే అంటే కరాటేలో ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఆట. పోయిన పాఠంలో నిలబడే తీరు, చేతుల గార్డు చూశాం. గుద్దులు ఎప్పుడు నేర్పుతారని అడుగుతున్నారు. దూరం తెలియకుండా గుద్దు నేర్పను. జపాన్ వాళ్ళు దీన్ని 'మాఐ' అంటారు.

కబడ్డీ ఆడినవాళ్ళకు ఇది సగం వచ్చినట్టే. కూతకు వెళ్ళినవాడు అవతలివాళ్ళ చేతికి అందీ అందనట్టు మెదులుతుంటాడు కదా, కుమితేలో మనం చేసేదీ అదే.

పోటీలో ఆడే చోటు పొడవూ వెడల్పూ 8 మీటర్లు. ఇంట్లో అంత అక్కర్లేదు, డాబా చాలు. మా నల్లగొండ పల్లెల పిల్లలైతే వడ్లు ఎత్తేశాక ఖాళీ అయిన కల్లంలో చేస్తారు. నేల నున్నగా ఉంటుంది. కాస్త ముగ్గుపిండి తెచ్చుకోండి.

జతగాడిని ఎదురుగా నిలబెట్టండి. పాదాలు కదపకుండా వెనక చేతితో పొట్ట మీదికి గుద్దు చాపండి. ఇదే గ్యాకు జుకి. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు పిడికిలి అతని బట్టకు తాకి ఆగాలి. మీ ముందుకాలి బొటనవేలి దగ్గర గీత గీయండి. ఇప్పుడు మీరు వెనక్కి జరగండి. జతగాడు ఒక్క అంగలో దూకి గుద్దాలి. అతని పిడికిలి మీకు బెత్తెడు దూరంలో ఆగిపోయేలా మీరు ఎక్కడ నిలబడ్డారో, అక్కడ మీ ముందుకాలి బొటనవేలి దగ్గర రెండో గీత గీయండి. వెళ్తే మొదటి గీత దాకా వెళ్ళాలి, లేదా రెండో గీత వెనకే ఉండాలి. నడుమ ఊరికే నిలబడితే పాయింటు ఇచ్చుకున్నట్టే.

మరీ దగ్గరికి పోయినా లాభం లేదు. నా మొదటి జిల్లా పోటీలో ఎదుటివాడికి అతుక్కుపోయి గుద్దాను. మోచెయ్యి వంగే ఉంది. గుద్దు తగిలింది కానీ ఒక్క జెండా లేవలేదు. నాలుగు మూలల జడ్జీల్లో కనీసం ఇద్దరు జెండా ఎత్తితేనే పాయింటు వస్తుంది. గుద్దుకు 1, పొట్ట మీద తన్నుకు 2, తలకు తగిలే తన్నుకు 3.

3 పాయింట్ల తన్ను అనగానే పిల్లల కళ్ళు మెరుస్తాయి. వాళ్ళకు టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ చెబుతాను. 2021 ఆగస్టు 7న, 75 కిలోల పైబడిన విభాగంలో సౌదీ ఆటగాడు తారిక్ హామిదీ 4–1తో ముందున్నాడు. అతని తన్ను తలకు గట్టిగా తగిలి ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. హామిదీని అనర్హుడిగా ప్రకటించారు, స్వర్ణం గంజ్‌జాదేకు వెళ్ళింది. కుమితేలో తన్ను ఎంత వేగంగా వెళ్తుందో, అంత కచ్చితంగా ఆగాలి. పిల్లల విభాగాల్లో ముఖం మీదికి వెళ్ళే గుద్దు తాకకముందే ఆగిపోవాలి. అందుకే బెత్తెడు లెక్క ఇంతగా పట్టుబట్టి చెబుతున్నాను.

వచ్చే పాఠం దాకా రోజూ పది నిమిషాలు ఇది చేయండి. జతగాడు ముందుకు వస్తే మీరు అంతే వెనక్కి, అతను వెనక్కి వెళ్తే మీరు అంతే ముందుకు. వెనక్కి జరిగేటప్పుడు వెనక కాలే ముందు కదలాలి. వెనక మడమ కింద తెల్లకాగితం దూరేంత సందు ఉండాలి. చూపు కాళ్ళ మీద కాదు, అతని ఛాతీ మీద ఉంచండి. అంగ వేయబోయే ముందు భుజం కొద్దిగా కదులుతుంది. అది మీకు కనబడటం మొదలయ్యాక, ముందు చేతి గుద్దు కిజామి జుకి చూద్దాం.