పట్టణ ప్రణాళికలో పీహెచ్‌డీ: ఫీజు కన్నా ముందు ఏళ్లు లెక్కపెట్టండి

పీహెచ్‌డీకి ఎంతవుతుందని అడిగితే అందరూ ముందు ఫీజు చెబుతారు. పట్టణ ప్రణాళికలో డాక్టరేట్‌కు అసలు ఖర్చు ఏళ్లది. ఫెలోషిప్‌తో ఐదేళ్లలోపు ముగిసిన పరిశోధనకూ, ఫీజు తక్కువని చేరి ఏడో ఏట కూడా సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం) దగ్గరే ఆగిపోయిన పరిశోధనకూ మధ్య తేడా లక్షల్లో ఉంటుంది. అందుకే మన దేశంలో ఈ డిగ్రీ చేయాలనుకునేవాళ్లు ఫీజుల పట్టిక పక్కన పెట్టి మూడు సంగతులు కనుక్కోవాలి. నెలనెలా డబ్బు వస్తుందా? ఎన్నేళ్లు వస్తుంది? మీరు అనుకుంటున్న గైడ్ దగ్గర చేరినవాళ్లు ఎన్నేళ్లకు పట్టా అందుకున్నారు?

ముందు లెక్క

నెట్ పరీక్ష ద్వారా వచ్చే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, 2023 జనవరి 1 నుంచి నెలకు రూ.37,000. రెండేళ్లయ్యాక పని తీరు చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ ఫెలోషిప్) మారిస్తే రూ.42,000. ఐఐటీల్లో కేంద్ర విద్యాశాఖ తరఫున ఇచ్చే ఫెలోషిప్ కూడా మొదటి రెండేళ్లు, తర్వాతి మూడేళ్లు ఇదే లెక్కన వస్తుంది. ఐదేళ్లకు మొత్తం రూ.24 లక్షలు. బదులుగా ఐఐటీల్లో వారానికి 8 గంటలు తరగతుల్లోనో స్టూడియోల్లోనో అధ్యాపకులకు సాయపడాలి.

ఇప్పుడు ఫెలోషిప్ లేని సీటు చూద్దాం. ఏడాదికి రూ.20,000 మాత్రమే ఫీజు, తిండికీ గదికీ నెలకు రూ.15,000 అనుకోండి. ఏడాదికి 2 లక్షలు, ఐదేళ్లకు 10 లక్షలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. ఏడాదికి లక్షన్నర ఫీజు ఉండి ఫెలోషిప్ వచ్చే సీటు దీనికన్నా చాలా చవక. ఈ చిన్న కూడిక వేయకుండా ‘ఫీజు తక్కువ’ అన్న ఒక్క మాట మీద చేరినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ఆరో ఏడు సంగతి కూడా ముందే ఆలోచించాలి. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు ఇవ్వొచ్చు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఆపైన ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకే ఆగిపోతుంది. అంటే ఆరో ఏడు ఫీజూ, జీవన వ్యయం మీవే. అప్పటికి నెలకు రూ.50,000 ఉద్యోగం తెచ్చుకోగలిగిన వ్యక్తి ఆ ఒక్క ఏడాదిలో వదులుకునేది 6 లక్షలు.

ఏ పరీక్ష రాయాలి

నెట్‌లో పట్టణ ప్రణాళికకు విడిగా సబ్జెక్టు లేదు. బి.ప్లాన్, బి.ఆర్క్, ఎం.ప్లాన్ చదివినవాళ్లకు దారి గేట్ పరీక్ష. అందులో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరుకు అందరికీ ఉమ్మడిగా ఒక భాగం ఉంటుంది, రెండో భాగంలో ఆర్కిటెక్చరో ప్లానింగో ఎంచుకోవచ్చు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. భూగోళశాస్త్రం, అర్థశాస్త్రం, సోషియాలజీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివి నగరాల మీద పనిచేయాలనుకునేవాళ్లు తమ సబ్జెక్టులో నెట్ రాయాలి. నెట్ ఇప్పుడు పీహెచ్‌డీ ప్రవేశాలకూ పనికొస్తుంది, కానీ జేఆర్‌ఎఫ్ వస్తేనే డబ్బు. ‘పీహెచ్‌డీకి మాత్రమే అర్హత’ అని వచ్చిన ఫలితం ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుందే తప్ప ఫెలోషిప్ ఇవ్వదు. సాధారణ వర్గానికి జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30 ఏళ్లు. ఇది చాలామందికి ఆలస్యంగా గుర్తొస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ అభ్యర్థులకు, దివ్యాంగులకు సడలింపు ఉంది.

ఒక్క హెచ్చరిక. ప్లానింగ్ స్కూళ్లలో బోధించాలన్నది మీ లక్ష్యమైతే, భూగోళశాస్త్ర శాఖలో పీహెచ్‌డీ చేసే ముందు అధ్యాపక నోటిఫికేషన్లు నాలుగైదు తీసి అర్హతల గడి చదవండి. డాక్టరేట్‌తోపాటు కింది డిగ్రీలు కూడా ప్లానింగ్‌లో ఉండాలని అడిగే సందర్భాలు ఉన్నాయి. పరిశోధన సంస్థలు, కన్సల్టెన్సీలు, స్వచ్ఛంద సంస్థల్లో ఈ అడ్డంకి అంతగా ఉండదు.

ఎక్కడ వెతకాలి

మొదట చూడాల్సినవి మూడు స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ సంస్థలు. ఢిల్లీ, భోపాల్, విజయవాడల్లో ఉన్న వీటికి 2014 చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థల హోదా వచ్చింది. విజయవాడ సంస్థ 2008లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల మీద పనిచేయాలనుకునేవారికి అది క్షేత్రానికి దగ్గర. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం తెలంగాణ వారికి దగ్గరి చోటు. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లో ఆర్కిటెక్చర్, ప్లానింగ్ కలిసిన పాత శాఖలున్నాయి. ఐఐటీ బొంబాయిలో పట్టణ శాస్త్రానికి ప్రత్యేక కేంద్రం ఉంది. రవాణా ప్రణాళిక మీ అంశమైతే ఐఐటీల సివిల్ ఇంజినీరింగ్ శాఖలను వదలొద్దు. భూమి, వలస, మునిసిపల్ పాలన లాంటి సామాజిక కోణమైతే జేఎన్‌యూలోని ప్రాంతీయాభివృద్ధి అధ్యయన కేంద్రం, టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ), బెంగళూరులోని ఐసెక్ (సామాజిక, ఆర్థిక మార్పుల అధ్యయన సంస్థ) చూడండి. అహ్మదాబాద్ సెప్ట్‌కు ప్లానింగ్‌లో మంచి పేరుంది. అది ప్రైవేటు విశ్వవిద్యాలయం కాబట్టి ఆర్థిక సాయం ఎంతో రాతపూర్వకంగా తెలిశాకే ముందుకెళ్లాలి.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే) ర్యాంకు ఇక్కడ పెద్దగా దారి చూపదు. ర్యాంకు సంస్థది, మీ ఐదేళ్లు గడిచేది ఒక గైడ్ దగ్గర. అయితే ర్యాంకు కోసం సంస్థలు దాఖలు చేసే సమాచార పత్రం మాత్రం చాలా విలువైనది. ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ విభాగం కింద దాన్ని తెరిస్తే, ప్రస్తుతం పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఎందరో, గత మూడేళ్లలో పట్టా పొందినవాళ్లు ఎందరో ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్ విడివిడిగా కనిపిస్తాయి. ఉదాహరణకు ఫుల్‌టైమ్‌లో 60 మంది ఉండి మూడేళ్లలో 12 మందే బయటికొస్తే, ఏడాదికి నలుగురు. ఈ వేగంతో అందరూ పూర్తి చేయడానికి 15 ఏళ్లు పడుతుంది. అదే 30 మంది ఉండి ఏడాదికి ఆరుగురు బయటికొస్తుంటే ఆ శాఖ సవ్యంగా నడుస్తున్నట్టే. ఈ మధ్యే సీట్లు పెంచిన చోట ఈ లెక్క కొంచెం అన్యాయంగా కనిపిస్తుంది, కాబట్టి మూడేళ్ల అంకెలు విడిగా చూసి పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో గమనించండి.

గైడ్‌ను ఎంచుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో విశ్వవిద్యాలయం, శాఖ ఎంచుకుని గైడ్ పేరుతో వెతకండి. ఐఐటీల థీసిస్‌లు శోధ్‌గంగలో దొరక్కపోతే వాటి లైబ్రరీ సైట్లలో చూడాలి. ఆ గైడ్ కింద వచ్చిన చివరి నాలుగైదు థీసిస్‌లు తెరవండి. నమోదు తేదీ రాసి లేకపోయినా, చాలాచోట్ల సర్టిఫికెట్ పేజీలోని రోల్ నంబర్‌లోనే చేరిన ఏడాది ఉంటుంది. సమర్పించిన ఏడాదిలోంచి దాన్ని తీసేస్తే ఎన్నేళ్లు పట్టిందో తేలిపోతుంది. ఫుల్‌టైమ్‌వాళ్లు నాలుగు నుంచి ఐదున్నరేళ్లలో ముగిస్తుంటే బాగున్నట్టు. అందరూ ఏడు దాటుతుంటే, ఆ గైడ్ ఎంత పండితుడైనా మరొకరిని చూడండి.

పనిలో పనిగా రెండు థీసిస్‌ల మెథడాలజీ అధ్యాయాలు చదవండి. ఒక పట్టణం, 400 ఇళ్ల సర్వే, శాతాల పట్టికలు, చివర సిఫార్సులు: పట్టణం పేరు మార్చి ఇదే అచ్చు మళ్లీ మళ్లీ కనిపిస్తే అక్కడ మీకు నేర్పేది తక్కువ. ప్రశ్నను బట్టి పద్ధతి మారుతూ ఉంటే మంచి గుర్తు.

తర్వాత ఆ గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో చూడాలి. యూజీసీ పరిధిలోని విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్ చేయకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. జాతీయ ప్రాధాన్య సంస్థలకు సొంత నియమాలుంటాయి, వాటిని విడిగా చూసుకోవాలి. నాలుగేళ్లలో రిటైరయ్యే గైడ్ దగ్గర చేరితే కో-గైడ్ ఎవరో మొదటి రోజే కాగితం మీద ఉండాలి. మధ్యలో గైడ్ మారితే చాలాసార్లు అంశమూ మారుతుంది, ఏడాది పోతుంది.

గైడ్‌కు రాసే మెయిల్ ఒక పేజీ దాటకూడదు. మీ ప్రశ్న ఏమిటి, ఏ నగరంలో, ఏ డేటాతో, వారి ఏ పరిశోధన చదివి రాస్తున్నారు, ఈ నాలుగూ ఉంటే చాలు. ‘స్మార్ట్ సిటీల మీద ఆసక్తి’ అన్న మెయిల్‌కు జవాబు రాదు. ‘ఔటర్ రింగ్ రోడ్డు బయటి గ్రామాల్లో లేఅవుట్ అనుమతులకూ నీటి సరఫరా లైన్లకూ మధ్య ఎంత ఎడం ఉంది’ అన్న మెయిల్‌కు వచ్చే అవకాశం ఉంది.

ఆ తర్వాత, ఆ గైడ్ దగ్గర ప్రస్తుతం చదువుతున్న ఇద్దరితోనూ, వీలైతే మధ్యలో మానేసిన ఒకరితోనూ మాట్లాడండి. డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని వారాల్లో తిరిగొస్తుంది? డాక్టోరల్ కమిటీ ఆరు నెలలకోసారి నిజంగా కూర్చుంటుందా? ఫెలోషిప్ ఏ నెలది ఆ నెల పడుతుందా, నాలుగు నెలలకోసారి కలిపి పడుతుందా? పేపర్లలో మొదటి పేరు ఎవరిది? గైడ్ కన్సల్టెన్సీ పనులు స్కాలర్ల మీద ఎంత పడతాయి? మర్యాదగా అడిగితే స్కాలర్లు దాపరికం లేకుండానే చెబుతారు.

డేటాకు అయ్యే ఖర్చు

మిగతా పీహెచ్‌డీల కన్నా ప్లానింగ్ పీహెచ్‌డీలో ఏళ్లను మింగేది డేటా. 2011 తర్వాత జనగణన అంకెలు లేకపోవడంతో వార్డు స్థాయి విశ్లేషణకు సొంత సర్వే తప్పడం లేదు. 95 శాతం విశ్వాస స్థాయి, 5 శాతం దోషపరిధికి కావాల్సిన నమూనా 384. పనికిరాని ఫారాలు పోగా అంత మిగలాలంటే 420 ఇళ్లు తిరగాలి. ఒక మనిషి రోజుకు 8 ఇళ్లు చేస్తే 53 పనిదినాలు. రోజుకు వెయ్యి రూపాయల చొప్పున కూలీకే రూ.53,000, ప్రయాణాలు అదనం. ఈ డబ్బు కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకు ఇచ్చే మొత్తం) నుంచి వస్తుందా, గైడ్ ప్రాజెక్టు నుంచా, మీ జేబు నుంచా అన్నది చేరకముందే అడగాలి.

మునిసిపాలిటీ నుంచి ఆస్తిపన్ను, భవన అనుమతుల రికార్డులు కావాలంటే గైడ్ సంతకంతో సంస్థ లేఖ తీసుకెళ్లండి. పని జరగకపోతే సమాచార హక్కు కింద రూ.10 ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ గైడ్‌కు స్థానిక సంస్థతో ఇదివరకే ఒప్పందం ఉంటే ఆరు నెలలు మిగిలినట్టే. ల్యాండ్‌శాట్, సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలు, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేదని మంచి శాఖను వదులుకోవాల్సిన అవసరం లేదు.

ఉద్యోగం చేస్తూ

టౌన్ ప్లానింగ్ శాఖల్లో, పట్టణాభివృద్ధి సంస్థల్లో పనిచేసేవాళ్లకు పార్ట్‌టైమ్ దారి తెరిచే ఉంది. జీతం ఆగదు కాబట్టి ఫెలోషిప్ లేకపోయినా నష్టం తక్కువ. యాజమాన్యం ఇచ్చే నిరభ్యంతర పత్రంలో మూడు మాటలుండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి, పరిశోధనకు తగిన సమయం దొరుకుతుందన్న హామీ, అవసరమైతే కోర్సువర్క్‌కు (పరిశోధనకు ముందు చదవాల్సిన తరగతులు) రిలీవ్ చేస్తామన్న మాట. మూడోది రాయించుకోకుండా చేరితే కోర్సువర్క్ దగ్గరే బండి ఆగుతుంది. బదిలీ అయినా చేయగలిగే అంశం ఎంచుకోండి.

దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీని యూజీసీ ఒప్పుకోదు. విదేశీ విశ్వవిద్యాలయం పేరు చెప్పి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ డాక్టరేట్లు చెల్లవని 2022లోనే ప్రకటించింది. పీహెచ్‌డీ నియమాలు పాటించని రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు విశ్వవిద్యాలయాలను 2025లో ఐదేళ్లపాటు పీహెచ్‌డీ ప్రవేశాల నుంచి ఆపేసింది. ‘థీసిస్, పేపర్లు అన్నీ మేమే చూసుకుంటాం’ అన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి.

విదేశాలైతే

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల డాక్టరేట్‌కు ట్యూషన్ ఫీజు ఉండదు. డార్ట్‌మండ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో స్పేషియల్ ప్లానింగ్‌కు ప్రత్యేక ఫ్యాకల్టీయే ఉంది. నెదర్లాండ్స్, స్వీడన్‌లలో పీహెచ్‌డీ చాలావరకు జీతమిచ్చే ఉద్యోగం, ఖాళీ పడినప్పుడు ఉద్యోగానికి పెట్టినట్టే దరఖాస్తు పెట్టాలి. అమెరికాలో ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ రెండూ లేని సీటు వద్దనుకోవడమే మేలు. రెండూ ఉన్నా ఆఫర్ లెటర్‌లో నాలుగు గీతలు గీసుకుని చదవండి: స్టైపెండ్ ఏడాదికి 9 నెలలా 12 నెలలా, ఎన్నేళ్లకు హామీ, ఆరోగ్య బీమా ఎవరు కడతారు, మాఫీలో చేరని స్టూడెంట్ ఫీజులు సెమిస్టరుకు ఎంత. వీటిలో ఏదైనా రాసి లేకపోతే, సీటు ఒప్పుకునే ముందే శాఖ కార్యాలయానికి మెయిల్ పెట్టి జవాబు రాతలో తెప్పించుకోండి.