సీతాఫలం పూస్తోంది, కాయడం లేదా? చేత్తో కాయించండి

ఏళ్ల తరబడి పూసి రాలిపోయే సీతాఫలం చెట్టును గొడ్డుదని కొట్టేయకండి. మర్రిపాలెంలో మా పెరటి చెట్టునూ కొట్టేద్దామన్నారు. లోపం చెట్టులో లేదు.

సీతాఫలం పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కానీ ఒకే వేళకు పనిచేయవు. రెక్కలు కాస్త విచ్చినప్పుడు మధ్యలోని బొడిపె జిగటగా మెరుస్తూ పుప్పొడిని అందుకుంటుంది. రెక్కలు పూర్తిగా తెరుచుకుని పుప్పొడి రాలేసరికి ఆ జిగట ఆరిపోతుంది. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేర్చేది చిన్న చిన్న పెంకు పురుగులు. కుళ్లిన పండ్లు, ఆకు చెత్త ఉన్నచోట అవి చేరతాయి. సిమెంటు చేసిన, రోజూ ఊడ్చే పెరట్లో వాటికి చోటేదీ?

ముందు ఎండ చూసుకోండి. రోజుకు ఆరు గంటలైనా తగలాలి. పక్కన అపార్ట్‌మెంట్ లేచి నీడ పడుతుంటే మిగతా శ్రమంతా వృథా. ఆకు రాలాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎండుకొమ్మలు తీసి, పొడవాటివి కొద్దిగా కత్తిరిస్తే కొత్త చిగుళ్లతో పాటు పూత వస్తుంది. యూరియా ఎక్కువైతే ఆకులే. మాగిన పశువుల ఎరువు చాలు.

మే ఎండల్లో వచ్చే పూత చాలావరకు ఎండిపోతుంది, దానికి టెన్షన్ పడొద్దు. తొలకరి పడ్డాక అసలు పని మొదలుపెట్టండి. సాయంత్రం పూర్తిగా విచ్చిన పువ్వులు నాలుగైదు కోసి, స్టీలు గిన్నెలో కాగితం పరిచి ఉంచండి. పొద్దున్నే గిన్నె తడితే లేతరంగు పొడి రాలుతుంది. పిల్లలు బొమ్మలకు రంగులేసే మెత్తటి బ్రష్‌ను అందులో అద్ది, సగం విచ్చిన పువ్వు రెక్కలను వేలితో మెల్లగా ఎడం చేసి, మధ్యలోని బొడిపె చుట్టూ తిప్పండి. ఒక పక్కే రాస్తే కాయ వంకరగా వస్తుంది, ఎందుకంటే కాయ మీది ఒక్కో కన్నూ విడిగా ఫలదీకరణ జరిగితేనే ఎదుగుతుంది. ఎండ ముదిరేలోపు ముగించండి. వారం, పది రోజుల్లో రెక్కలు రాలి, ఆకుపచ్చ బొడిపె కొమ్మను పట్టుకుని నిలిచిందంటే కాయ కట్టినట్టే.

ఆ తర్వాత నేల ఎండిపోనివ్వకండి. రాలిన ఆకులు చెట్టు మొదట్లోనే పరవండి, పుప్పొడి మోసే పెంకు పురుగులూ చేరతాయి. తెల్లటి పిండినల్లి కనిపిస్తే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి. చీమలు దాన్ని మోసుకొస్తాయి, వాటినీ అదుపు చేయండి.

మామిడికి ఈ బ్రష్ పని అక్కర్లేదు. సువర్ణరేఖైనా, బంగినపల్లైనా నవంబరు నుంచి నీళ్లు ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ పెట్టండి. పూత విచ్చి ఉండగా పురుగుమందు కొట్టకండి, పుప్పొడి మోసే ఈగలు చచ్చిపోతాయి.

సీతాఫలం పిందె నుంచి పండుకు దాదాపు నాలుగు నెలలు. కళ్ల మధ్య గీతలు పసుపు తిరిగి విచ్చుకోగానే కోసి, బియ్యం డబ్బాలో పెట్టండి. రెండు మూడు రోజుల్లో ముగ్గుతుంది.