బడ్జెట్ పుస్తకం మనమే చదువుదాం – 5వ పాఠం: కేటాయింపు వేరు, ఖర్చు వేరు

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కలో చాలామంది ఒకేచోట ఆగిపోయారు. తెలంగాణ 2025-26 బడ్జెట్‌లో రెవెన్యూ మిగులు 2,738 కోట్లు, ద్రవ్య లోటు, అంటే అప్పు తెచ్చి పూడ్చాల్సిన మొత్తం, 54,009 కోట్లు. మిగులున్న రాష్ట్రానికి అంత లోటేమిటి, రెండింట్లో ఒకటి అచ్చుతప్పు అయ్యుంటుందని రాశారు. కాదు, రెండూ సరైనవే. ఇది తేల్చుకోకుండా ముందుకు పోలేం.

ఏడాదిలో వచ్చే పన్నులు, కేంద్ర వాటా, గ్రాంట్ల నుంచి జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాల ఖర్చు తీసేస్తే మిగిలేది రెవెన్యూ మిగులు. ప్రాజెక్టులు, రోడ్లు, కొత్త భవనాలు ఇందులోకి రావు. వాటికి మూలధన వ్యయం కింద 36,504 కోట్లు విడిగా చూపించారు. దాంట్లోంచి మిగులు 2,738 తీసేస్తే 33,766 కోట్లు. లోటు 54,009 కదా, ఇంకా ఇరవై వేల కోట్ల పైచిలుకు తేడా ఉంది. మీరు చిక్కుకున్నది సరిగ్గా ఇక్కడే. ఆ తేడా ప్రభుత్వం కార్పొరేషన్లలాంటి సంస్థలకు ఇచ్చే అప్పులు, తిరిగి వసూలైనవి పోను. ఇచ్చేది అప్పే అయినా ఖజానా నుంచి డబ్బు వెళ్లిపోతుంది కాబట్టి లోటులో కలుస్తుంది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ అంకెలు తెలంగాణ అంకెల పక్కన పెట్టి చూడండి. అదే ఏడాది అక్కడ మూలధన వ్యయం 40,635 కోట్లు, ద్రవ్య లోటు 79,926 కోట్లు. రెవెన్యూ పద్దులోనే 33,185 కోట్ల లోటు. అంటే కట్టడాలకే కాదు, జీతాలు, వడ్డీలు, పథకాల ఖర్చులోనూ కొంత అప్పుతోనే నడవాలి. ఏ రాష్ట్రం గురించి ఎవరు వాదించినా నేను మొదట వెతికేది ఈ రెవెన్యూ పద్దునే. మొత్తం బడ్జెట్ ఎన్ని లక్షల కోట్లన్న పతాక శీర్షిక నాకు అక్కర్లేదు.

ఇక ఈరోజు పాఠం. బడ్జెట్ పుస్తకంలో ప్రతి పద్దుకూ నాలుగు గడులుంటాయి. 2025-26 పుస్తకమైతే వరుసగా 2023-24 వాస్తవ లెక్కలు, 2024-25 బడ్జెట్ అంచనా (ఏడాది మొదట్లో చేసిన కేటాయింపు), 2024-25 సవరించిన అంచనా (ఏడాది చివర్లో సరిదిద్దింది), 2025-26 బడ్జెట్ అంచనా. రాష్ట్ర చర్చల్లో జరిగే మోసం చాలావరకు ఈ గడుల మధ్యే జరుగుతుంది. పాత ప్రభుత్వం చేసిన ఖర్చును తమ కేటాయింపుతో పోల్చి 'ఇంత పెంచాం' అంటారు. ఖర్చు జరిగిపోయింది, కేటాయింపు ఇంకా కాగితం మీదే ఉంది. ఆ రెంటికీ పోలిక పెడితే పెంచామన్నవాళ్లే ఎప్పుడూ గెలుస్తారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే తంతు. అందుకే నాకు ఇంత కోపం.

తెలంగాణ 2023-24 బడ్జెట్ అంచనా 2,90,396 కోట్లు. ఏడాది చివరికి వచ్చేసరికి సవరించిన అంచనా 2,24,625 కోట్లకు దిగింది. 65 వేల కోట్లకు పైగా ఆవిరైపోయాయి. తర్వాత 2024 జూలైలో పెట్టిన 2024-25 పూర్తి బడ్జెట్ 2,91,159 కోట్లు. మరి బడ్జెట్ పెరిగిందా? సవరించిన అంచనాతో పోలిస్తే దాదాపు 30 శాతం పెరిగింది. పాత బడ్జెట్ అంచనాతో పోలిస్తే పెరిగింది 763 కోట్లు, అంటే అర శాతం కూడా లేదు. రెండు వాక్యాలూ అబద్ధం కావు. కానీ మొదటి వాక్యం చెప్పినవాళ్లు ఏ గడితో పోల్చారో చెప్పకపోతే మీ కళ్లకు గంతలు కట్టినట్టే.

కాబట్టి అంచనాను అంచనాతోనే, లెక్కను లెక్కతోనే పోల్చండి. నేనైతే మొదటిదైన వాస్తవ లెక్కల గడి ఒక్కటే కనబడేలా మిగతా మూడింటి మీదా కాగితం పెట్టి చదువుతాను. ముందు అసలు ఖర్చు మనసులో పడితే తర్వాత వచ్చే హామీల బరువు తెలుస్తుంది.

అంచనా ఎందుకు దిగుతుంది? ఆదాయాన్ని ఎక్కువ వేసుకుంటారు కాబట్టి. స్టాంపులు–రిజిస్ట్రేషన్లు, భూముల అమ్మకం, కేంద్ర గ్రాంట్లు అనుకున్నంత రావు. జీతాలు, పింఛన్లు, వడ్డీ ఆపలేరు. ఆగేవి బడి మరమ్మతులు, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆసుపత్రులకు ఇవ్వాల్సిన ఆరోగ్యశ్రీ బకాయిలు. తెలంగాణ 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. ఆ పరిమితి బడ్జెట్ అంకె కాదు. వైద్యం చేసిన ఆసుపత్రికి డబ్బు చేరిందా లేదా అన్నది వాస్తవ లెక్కల గడిలోనే తేలుతుంది.

రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి పెట్టాలని, 2020కల్లా అది జరగాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2025-26లో తెలంగాణ కేటాయింపు 12,393 కోట్లు, మొత్తం 3,04,965 కోట్లలో 4 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌ది 19,264 కోట్లు, 3,22,359 కోట్లలో దాదాపు 6 శాతం. ఇవీ అంచనాలే, మరచిపోకండి. చదువు విషయంలో ఇంకో జాగ్రత్త: తెలంగాణ 23,108 కోట్లు మొత్తం విద్యకు, ఆంధ్రప్రదేశ్ 31,805 కోట్లు పాఠశాల విద్య ఒక్కదానికే. నేరుగా పక్కపక్కన పెట్టకూడదు.

రాష్ట్ర ఆర్థిక వృద్ధి గురించి ఒక్క మాటే: ఎవరైనా శాతం చెబితే స్థిర ధరల్లోనా (ఒక పాత ఏడాది ధరలతో కట్టిన లెక్క), ప్రస్తుత ధరల్లోనా అని అడగండి. ప్రస్తుత ధరల్లో ధరల పెరుగుదల కూడా కలిసే ఉంటుంది.

అభ్యాసం: మీ రాష్ట్రం చివరి నాలుగు బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ సైట్ నుంచి దించుకోండి. పాఠశాల విద్య, వైద్యారోగ్యం పద్దులకు ఒక్కో ఏడాది బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ లెక్క పట్టికగా రాయండి. ఒక ఏడాది వాస్తవ లెక్క రెండేళ్ల తర్వాతి పుస్తకంలో దొరుకుతుంది. చివరి రెండేళ్లకు అది, చివరి ఏడాదికి సవరించిన అంచనా కూడా, ఈ పుస్తకాల్లో ఉండవు కాబట్టి ఆ గడులు ఖాళీ వదలండి, ఊహించి నింపొద్దు. ఆ రెండేళ్లకు రాష్ట్రం మొత్తం రాబడి, ఖర్చు కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నెలవారీ లెక్కల్లో చూసి కింద రాయండి. రెండు వారాలు పడుతుంది. పట్టిక పూర్తయ్యాకే ఆరో పాఠం తెరవండి, అందులోని ప్రతి లెక్కా దాని మీదే నడుస్తుంది.