క్వాలిఫై కాలేదంటే తేడా ఎక్కడ కొట్టింది? లక్షణం నుంచి కారణం దాకా

ఒక దేశపు ఫుట్‌బాల్ జట్టు పెద్ద టోర్నీకి అర్హత సాధించలేదంటే ఆ రాత్రే ఎవరో ఒకరి మీద నింద పడిపోతుంది. పెనాల్టీ పోగొట్టినవాడో, బంతి చేజార్చిన గోల్ కీపరో, విజిల్ ఊదని రిఫరీయో, లేకపోతే కోచో. యూరప్ మ్యాచ్‌ల కోసం అర్ధరాత్రి 12:15కో 1:15కో అలారం పెట్టుకుని లేచే మన వైజాగ్ వాళ్లు కూడా పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఇదే మాట్లాడుకుంటారు. బాధలో ఉన్నప్పుడు ఎవరైనా అంతే. కానీ అక్కడితో ఆగిపోతే అసలు జబ్బు బయటపడదు. నాలుగేళ్ల తర్వాత అదే జట్టు అదే చోట పడుతుంది.

ఆట చూసేవాళ్లకీ, అంతకంటే ఎక్కువగా ఏయూ గ్రౌండ్‌లోనో రైల్వే గ్రౌండ్‌లోనో ఆర్కే బీచ్ ఇసుకలోనో పిల్లల చేత ఆడించేవాళ్లకీ ఇది పనికొస్తుందని రాస్తున్నాను. దేశం జట్టులో కనిపించే లోపాల్లో చాలా వరకు మన గ్రౌండ్‌లో కూడా ఉంటాయి.

ముందుగా చేయాల్సిన పని

పాయింట్ల పట్టిక తీయండి. అందరూ తిట్టుకుంటున్న ఆఖరి మ్యాచ్‌ని కాసేపు పక్కన పెట్టండి. తమకంటే బలహీనమైన జట్ల దగ్గర ఎన్ని పాయింట్లు పోయాయో లెక్క కట్టండి. పది కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

మన దేశం సంగతే తీసుకోండి. 2026 ప్రపంచకప్ రెండో రౌండ్ క్వాలిఫయర్స్‌లో 2024 జూన్ 11న దోహాలో ఖతార్ మీద భారత్ 1-0 ఆధిక్యంలో ఉంది. బంతి గోల్ లైన్ దాటి బయటికి పోయాక దాన్ని లోపలికి లాగి ఖతార్ గోల్ కొట్టింది, రిఫరీ ఇచ్చేశాడు. చివరికి 1-2తో ఓడాం. అన్యాయం జరిగింది, అందులో సందేహం లేదు. ఇప్పుడు పట్టిక చూడండి: ఖతార్ 16, కువైట్ 7, భారత్ 5, అఫ్గానిస్థాన్ 5. అంతకు ముందు మార్చిలో మనం అఫ్గానిస్థాన్‌తో సౌదీ అరేబియాలోని అభాలో 0-0 డ్రా చేసుకుని, గువాహటిలో సొంత జనం ముందు 1-2తో ఓడిపోయాం. ఆ గువాహటి మ్యాచ్ ఒక్కటి గెలిచి ఉంటే 8 పాయింట్లు వచ్చేవి. దోహాలో ఓడినా కువైట్‌ని దాటి మూడో రౌండ్‌కి వెళ్లేవాళ్లం. పైగా ఆ రౌండ్‌కి వెళ్లిన జట్లకి 2027 ఆసియా కప్ బెర్తు నేరుగా దక్కింది. ఒక్క ఓటమితో మూడో రౌండ్ తలుపు, ఆసియా కప్‌కి నేరుగా వెళ్లే తలుపు రెండూ మూసుకుపోయాయి. రిఫరీని తిట్టడంలో తప్పు లేదు, కానీ మందు వేయాల్సిన చోటు గువాహటి.

లక్షణం: గెలిచే మ్యాచ్ ఆఖరి నిమిషంలో పోయింది

1993లో ఫ్రాన్స్‌కి సొంతగడ్డ మీద రెండు మ్యాచ్‌లు మిగిలాయి. ఒక్క పాయింటు వస్తే అమెరికాలో ప్రపంచకప్ ఆడొచ్చు. నవంబరు 17న పారిస్‌లో బల్గేరియాతో స్కోరు 1-1. 90వ నిమిషంలో డేవిడ్ జినోలా బంతిని మూల దగ్గర ఆపి కాలం గడపకుండా క్రాస్ కొట్టాడు. అది ఎవరికీ అందకుండా బల్గేరియా వాళ్లకి చిక్కింది. కొన్ని క్షణాల్లో కొస్తాదినోవ్ గోల్ కొట్టేశాడు. కోచ్ జెరార్ ఉలియే అందరి ముందూ జినోలానే తప్పుపట్టాడు. ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచింది.

కారణం ఒక నెల వెనక ఉంది. అక్టోబరులో ఇజ్రాయెల్ మీద 2-1 ఆధిక్యంలో ఉండి, చివరి పది నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చి 2-3తో ఓడారు. ముందంజలో ఉన్నప్పుడు మ్యాచ్‌ని ఎలా ముగించాలో ఆ జట్టుకి తెలియడం లేదన్న సంగతి ఆ రోజే కనిపించింది. ఎవరూ దాన్ని జబ్బుగా చూడలేదు.

పరిష్కారం విషయంలో ఫ్రాన్స్ చేసిన మంచి పని, జట్టునంతా ఊడ్చి పారేయకపోవడం. ఆ బల్గేరియా మ్యాచ్ ఆడిన దెసాయి, బ్లాన్, పెతీ, దెషాం అయిదేళ్ల తర్వాత 1998లో ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ ఉన్నారు. ఓడినవాళ్లందరూ పనికిరానివాళ్లు కాదు. మన గ్రౌండ్‌లో అయితే ప్రాక్టీస్ చివర ఒక చిన్న ఆట పెట్టండి: ఒక జట్టు ఒక గోల్ ముందంజలో ఉంది, అయిదు నిమిషాలు మిగిలాయి, కాపాడుకోవాలి. బంతిని ఎప్పుడు మూలకి తీసుకెళ్లాలో, ఎప్పుడు త్రో సంపాదించాలో పిల్లలకి అలవాటు కావాలి. ఉపన్యాసం వల్ల రాదు.

లక్షణం: బంతంతా మనదే, గోల్ మాత్రం రాదు

నా లెక్కలో అన్నిటికంటే మొండి జబ్బు ఇది. ఇటలీ 2021 జులైలో యూరో గెలిచింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2022 మార్చి 24న పలెర్మోలో, ప్రపంచకప్ ప్లేఆఫ్‌లో (గ్రూప్‌లో మొదటి స్థానం దక్కనివాళ్లకి మిగిలే ఆఖరి అవకాశం), ఉత్తర మాసిడోనియా మీద 32 సార్లు గోల్ వైపు కొట్టి ఒక్కటీ వేయలేక, ఇంజురీ టైమ్‌లో ట్రయికోవ్‌స్కీ కొట్టిన షాట్‌కి ఓడి ఇంటికెళ్లింది. 2018 ప్రపంచకప్‌కి కూడా ఇలాగే దూరమైంది: స్వీడన్‌తో రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లు కలిపి 180 నిమిషాలు, గోల్స్ సున్నా.

2022 విషయంలో అందరూ జార్జీన్యో పేరు చెబుతారు. స్విట్జర్లాండ్ మీద రెండు మ్యాచ్‌ల్లోనూ అతను పెనాల్టీ పోగొట్టిన మాట నిజమే. పట్టిక తీస్తే స్విట్జర్లాండ్ 18, ఇటలీ 16. బల్గేరియాతో ఫ్లోరెన్స్‌లో ఒక డ్రా, బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లాండ్‌తో ఇంకో డ్రా. అక్కడ పోయినవి నాలుగు పాయింట్లు, తేడా రెండే. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గ్రూప్‌లో రెండో స్థానంలో ఆగిపోయారు. పెనాల్టీ బాక్సులో నిలబడి గోల్ కొట్టేవాడు ఆ జట్టుకి లేడు.

మనకీ ఇదే. అఫ్గానిస్థాన్‌తో 0-0. కోల్‌కతాలో సునీల్ ఛెత్రి వీడ్కోలు మ్యాచ్‌లో కువైట్‌తో 0-0. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. రిటైరైన ఛెత్రిని 40 ఏళ్ల వయసులో వెనక్కి పిలవాల్సి వచ్చిందంటే, వెనకాల ఎవరూ తయారు కాలేదనే కదా. కారణం తెలిసిందే. మన క్లబ్బులు గోల్స్ కోసం విదేశీ ఫార్వర్డ్‌లని తెచ్చుకుంటాయి. మన కుర్రాడు గోల్స్ కొట్టగలవాడైనా వింగ్‌లోకి, అంటే మైదానం అంచుకి, వెళతాడు, లేదా బెంచి మీద కూర్చుంటాడు. దేశం జెర్సీ వేసుకున్న రోజు హఠాత్తుగా మధ్యలో నిలబడి గోల్ కొట్టమంటే ఎలా వస్తుంది?

పరిష్కారం పై నుంచి వచ్చే దాకా ఆగక్కర్లేదు. మన పిల్లల్లో వేగంగా పరిగెత్తేవాణ్ని చూడగానే వింగ్‌లో పెట్టేస్తాం. గోల్ దగ్గర తచ్చాడేవాణ్ని పరిగెత్తడం లేదని కోప్పడతాం. వాడికే బంతి ఎక్కడ పడుతుందో ముందుగా తెలుస్తుందేమో ఒకసారి గమనించండి. ప్రతి ప్రాక్టీస్‌లో చివరి పావుగంట బాక్సు లోపలి నుంచే, మీద డిఫెండర్ ఉండగా, ఒక్క టచ్‌తో కొట్టే పని చేయించండి. బీచ్ ఇసుకలో కాళ్లకి బలం వస్తుంది, డ్రిబ్లింగ్ వస్తుంది. కానీ రెండు చెప్పుల మధ్య గోల్ కొట్టి అలవాటైన పిల్లాడు ఎనిమిది గజాల గోల్, ఎదురుగా కీపర్ కనిపిస్తే తడబడతాడు. వారానికి ఒక్కసారైనా అసలు కొలతల గోల్‌పోస్టుల ముందు ఆడించాలి. కీపర్‌ని పెట్టి మరీ.

లక్షణం: మొదట్లోనే జారిపోయి, చివర్లో లెక్కలు వేసుకోవడం

నైజీరియాలో ఫార్వర్డ్‌లకి కొదవ లేదు. అయినా 2026 క్వాలిఫయర్స్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లకి వచ్చినవి 3 పాయింట్లే: లెసోతోతో డ్రా, జింబాబ్వేతో డ్రా, దక్షిణాఫ్రికాతో డ్రా, బెనిన్ చేతిలో ఓటమి. తర్వాత పుంజుకున్నా గ్రూప్ ముగిసేసరికి దక్షిణాఫ్రికా 18, నైజీరియా 17. నిషేధం ఉన్న ఆటగాణ్ని ఆడించినందుకు దక్షిణాఫ్రికాకి మధ్యలో 3 పాయింట్లు కోత పడినా అందుకోలేకపోయింది. ఆఖరికి ప్లేఆఫ్‌లో డీఆర్ కాంగో చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో పోయింది. మనవాళ్లకి గుర్తుండేది ఆ షూటౌటే. జబ్బు మొదలైంది 2023 నవంబరులో, లెసోతోతో ఆడిన రోజున.

కారణాల్లో పెద్దది కోచ్‌లని మార్చడం. పెసేరో వెళ్లాడు, ఫినిడి జార్జ్ వచ్చి రెండు క్వాలిఫయర్ మ్యాచ్‌ల తర్వాత వెళ్లిపోయాడు, ఎగువావోన్ తాత్కాలికంగా చూశాడు, 2025 జనవరిలో ఎరిక్ షెల్ వచ్చాడు. ప్రతి కొత్త కోచ్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. మనదీ అదే కథ. స్టిమాచ్ వెళ్లాడు. మనోలో మార్కెజ్ ఒక పక్క గోవా క్లబ్బుకి కోచ్‌గా ఉంటూనే దేశం జట్టునీ చూశాడు. ఆసియా కప్ క్వాలిఫయర్స్ మధ్యలో అతనూ వెళితే ఖాలిద్ జమీల్ వచ్చాడు. 2025 అక్టోబరు 14న మడ్‌గావ్‌లో ముందు గోల్ కొట్టి కూడా సింగపూర్ చేతిలో 1-2తో ఓడాం, ఆసియా కప్ చేజారింది.

ఓడగానే కోచ్‌ని పంపేయడం మందులా కనిపిస్తుంది. రెండు మ్యాచ్‌ల పాటు ఊపు కూడా వస్తుంది. కానీ క్వాలిఫయర్స్ మొదలైతే ముగిసేదాకా ఒకే మనిషి చేతిలో జట్టు ఉండాలి. మార్చాలనుకుంటే ఎవరు ఏ గ్రూప్‌లోనో తేల్చే డ్రా తీయకముందే మార్చాలి.

లక్షణం: పాయింట్లు సమానం, గోల్ తేడాతో బయటికి

త్వరగా తేలిపోయే కేసు. 2018 క్వాలిఫయర్స్‌లో స్వీడన్ లగ్జెంబర్గ్ మీద 8-0తో గెలిచింది. దాంతో ఆఖరి మ్యాచ్‌లో నెదర్లాండ్స్ అదే స్వీడన్ మీద ఏడు గోల్స్ తేడాతో గెలవాల్సి వచ్చింది. 2-0తో గెలిచింది. రెండు గోల్సూ రాబెన్‌వే, అదే అతని ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్. రెండు గోల్స్ వచ్చాయి కదా అని చిన్న జట్టు మీద నెమ్మదించకూడదు. గోల్ తేడా ముందు చూస్తారా, ఆ రెండు జట్ల మధ్య ఫలితం ముందు చూస్తారా అన్నది టోర్నీని బట్టి మారుతుంది. మన జిల్లా టోర్నీలకి కూడా కాగితం మీద రాసి ఉన్న నియమం ముందే అడిగి తెలుసుకోండి.

లక్షణం: మైదానంలో కాదు, కాగితాల్లో పోయింది

2018 క్వాలిఫయర్స్‌లో పెరూతోనూ, చిలీతోనూ ఆడిన మ్యాచ్‌ల్లో అర్హత లేని ఆటగాణ్ని బొలీవియా ఆడించింది, చిలీ ఫిర్యాదు చేసింది. ఫిఫా ఆ రెండు మ్యాచ్‌ల ఫలితాలూ మార్చింది. చిలీకి 2 పాయింట్లు కలిశాయి, పెరూకి 3 కలిశాయి. చివరికి రెండు జట్లూ 26 దగ్గరే ఆగాయి, గోల్ తేడాతో పెరూ 2018 ప్లేఆఫ్‌కి వెళ్లింది, చిలీ ఇంట్లో ఉండిపోయింది. వరసగా రెండు కోపా అమెరికాలు (దక్షిణ అమెరికా దేశాల కప్పు) గెలిచిన జట్టు అది.

మన దగ్గర ఈ సమస్య వయసు సర్టిఫికెట్ల రూపంలో వస్తుంది. పెద్దవాణ్ని చిన్నవాడిగా చూపించి అండర్-14 కప్పు గెలిస్తే, నిజంగా పద్నాలుగేళ్లున్న పిల్లాడికి చోటు పోతుంది. ఆ పిల్లాడు మళ్లీ గ్రౌండ్‌కి రాడు. ఇందులో మొహమాటం పనికిరాదు.

లక్షణం: ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే

ఇక్కడ ఏ ఒక్క మ్యాచ్‌నీ వెతకడం దండగ. 2016 యూరోకి మొదటిసారి 24 జట్లని తీసుకున్నా నెదర్లాండ్స్ వెళ్లలేకపోయింది. ఆ గ్రూప్‌లో దాన్ని రెండుసార్లూ ఓడించింది ఐస్‌లాండ్. అప్పటికి దాని జనాభా మూడున్నర లక్షల లోపు. 2011 లెక్కల ప్రకారమే మన విశాఖ నగరం జనాభా 17 లక్షలు దాటింది. ఏడాదిలో చాలా నెలలు మంచు, చీకటి ఉండే ఆ దేశంలో పిల్లలు ఏడాదంతా ఆడేలా కప్పు ఉన్న మైదానాలు కట్టారు, చిన్న పిల్లలకి కూడా లైసెన్సు ఉన్న కోచ్‌లని పెట్టారు. ఫలితానికి పదిహేనేళ్ల దాకా పట్టింది. 2018లో ప్రపంచకప్ కూడా ఆడారు.

మన దగ్గర మంచు లేదు. ఆట ఆగిపోయే కాలం మాత్రం ఉంది: తొమ్మిది, పది తరగతులు, ఆ తర్వాత ఇంటర్. పద్నాలుగేళ్లకి మంచి కాలు ఉన్న కుర్రాడు పదిహేనుకి ట్యూషన్‌లో, పదహారుకి హాస్టల్ ఉన్న కాలేజీలో ఉంటాడు. ఆటగాడు తయారయ్యే వయసు సరిగ్గా అదే. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఏ కోచ్‌ని అడిగినా ఈ మాటే చెబుతారు. తల్లిదండ్రులని తప్పుపట్టలేం, వాళ్ల టెన్షన్ వాళ్లది. వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. వారానికి రెండు పొద్దుటి పూటలు, ఆదివారం ఒక మ్యాచ్, పరీక్షల నెలలో సెలవు. రైల్వేలో, సర్వీసెస్‌లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు ఉన్నాయని వివరంగా చెప్పాలి. ఆట మొత్తంగా మానేయడానికీ తగ్గించి ఆడడానికీ చాలా తేడా ఉంది.

ఇంకో కారణం మ్యాచ్‌లు చాలకపోవడం. ఒప్పందాల గొడవతో 2025లో మన పెద్ద లీగే సమయానికి మొదలవలేదు. ఆటగాళ్లు నెలల తరబడి పోటీ మ్యాచ్ లేకుండా ఉండి దేశం తరఫున దిగారు. అదే ఏడాది జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, క్వాలిఫయర్స్ ఆడి గెలిచి మహిళల ఆసియా కప్‌కి వెళ్లారు. రెండు గోల్సూ సంగీత బాస్ఫోర్ కొట్టింది. కాబట్టి మన దేశానికి చేతకాదన్న మాట నేను ఒప్పుకోను.

పిల్లల్ని అకాడమీలో చేర్పించే ముందు జెర్సీ, షూ, ఫీజు గురించి అడగడం మామూలే. వాటితో పాటు రెండు ప్రశ్నలు కూడా అడగండి. ఏడాదికి ఎన్ని అసలు మ్యాచ్‌లు ఆడిస్తారు? పదో తరగతి పిల్లలు ఇంకా ఎంతమంది వస్తున్నారు?