అందరికీ తెరుచుకునే వెబ్‌సైటు – 4వ పాఠం: ఆర్డరు ఫారం దగ్గర చట్టం ఏం అడుగుతుంది

కిందటి పాఠంలో బొమ్మలకు వివరణ రాయడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆర్డరు ఫారం చూద్దాం. చూపు లేని కొనుగోలుదారు సరుకుల పేజీ అంతా విని, నచ్చినది ఎంచుకుని, చివరికి ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. రేవు దాకా తారు రోడ్డు వేసి, పంటు ఎక్కడానికి బల్ల వేయకపోతే ఆ రోడ్డు ఎవరినీ ఏరు దాటించదు. ఫారం సరిగా లేని సైటు కూడా అంతే.

అభ్యాసం కోసం ఒక దుకాణాన్ని ఊహించుకోండి. ఆత్రేయపురంలో ఒక కుటుంబం పూతరేకులు చుట్టి హైదరాబాదు, బెంగళూరు పంపుతుంది. రాజమహేంద్రవరంలో ఉన్న మీరు వాళ్లకు సైటు తయారు చేశారు. పంచదార, బెల్లం, డ్రైఫ్రూట్ అని మూడు రకాలు, ఒక ధరల పట్టిక, ఒక ఆర్డరు ఫారం, చివర చెల్లింపు. ఈ పాఠం మొత్తం ఈ సైటు మీదే.

ముందుగా చట్టం. మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: ఇది ప్రభుత్వ కార్యాలయం కాదు కదా, మనకెందుకు వర్తిస్తుంది? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ప్రైవేటు సంస్థ అంటే ఏమిటో ఆ చట్టమే చెప్పింది: కంపెనీ, భాగస్వామ్య సంస్థ, సహకార సంఘం, ట్రస్టు, కర్మాగారం, ఇంకా అలాంటివి. నరసాపురం లేసు అల్లే మహిళలు సహకార సంఘం పెట్టుకుని సైటు నడిపితే అదీ ఆ నిర్వచనంలోకి వస్తుంది. 46వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. సేవలు అందించేది ప్రభుత్వమైనా ప్రైవేటువారైనా, కేంద్రం 40వ సెక్షన్ కింద చేసిన సౌలభ్య నియమాల (దివ్యాంగులు అడ్డంకి లేకుండా వాడుకోవడానికి ఉన్న నియమాల) ప్రకారమే అందించాలి. అందుకు నియమాలు వెలువడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఇచ్చింది. 42వ సెక్షన్ సమాచార సాంకేతికత గురించి విడిగా చెబుతుంది.

ఆ నియమాలు 2017లో వచ్చాయి. వెబ్‌సైట్లకు ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలనే ప్రమాణంగా చూపాయి. 2023లో ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం కూడా చేరింది. దాని వెనక ఉన్నది ప్రపంచమంతా వాడే వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు, అంటే డబ్ల్యూసీఏజీ. అయితే 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. చట్టం ‘తప్పనిసరి’ అన్నదాన్ని ఆ 2017 నియమాల్లోని 15(1)వ నియమం ‘చేస్తే మంచిది’ అనే సలహాల స్థాయికి దించిందని, అందువల్ల అది చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఎవరూ తగ్గించడానికి వీల్లేని కనీస నియమాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు అధ్యయన నివేదిక ఇచ్చింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం.

ఈ తీర్పును కొందరు తలకిందులుగా చదువుతున్నారు. నియమం పోయింది కాబట్టి బాధ్యత కూడా పోయిందని వాళ్ల లెక్క. నేను ఒప్పుకోను. కోర్టు కొట్టివేసింది నియమంలోని మెతకదనాన్ని. చట్టంలోని బాధ్యత చెక్కుచెదరలేదు. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే న్యాయస్థానం ఇంకో అడుగు ముందుకు వేసి, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. బ్యాంకుల కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమంటారు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఎలా ఆర్పగలరు? ఆ కేసు పుట్టింది అక్కడే.

జరిమానా సంగతి తెలిస్తే చాలు. 89వ సెక్షన్ కింద మొదటి ఉల్లంఘనకు పదివేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ యాభై వేలకు తగ్గకుండా ఐదు లక్షల వరకు. మీ చేత సైటు చేయించుకునే ఖాతాదారుకు ఈ అంకెలు చెప్పండి, కానీ వాటితో భయపెట్టి పని చేయించకండి. భయంతో చేయించుకున్నవాళ్లు ‘మా సైటు అందరికీ’ అని ఒక బ్యానరు పెట్టి సరిపెట్టేస్తారు.

ఇక పని. మౌసును పక్కన పెట్టి, ట్యాబ్ కీ ఒక్కటే నొక్కుతూ ఫారం చివరిదాకా వెళ్లండి. ప్రతి నొక్కుకూ మీరు ఏ గడిలో ఉన్నారో తెర మీద గీతగానో రంగుగానో కనిపించాలి. అందం చెడుతుందని ఆ గీతను తీసేసే డిజైనర్లు ఉన్నారు. తీసేయనివ్వకండి. చేతులు వణికేవాళ్లకు, మౌసు పట్టుకోలేనివాళ్లకు అదే దారి చూపించేది. ‘ఆర్డరు పెట్టండి’ అనే బటన్ దగ్గరికి ట్యాబ్ వెళ్లకపోతే, అది బటన్ రూపంలో కనిపించే మామూలు పెట్టె మాత్రమే. దాన్ని అసలైన బటన్ ట్యాగ్‌తో రాయండి.

తర్వాత ఎన్‌విడిఎ తెరవండి. ఇది తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము (స్క్రీన్ రీడర్), ఉచితం. ఆండ్రాయిడ్ ఫోనులోనైతే అదే పని చేసే టాక్‌బ్యాక్ ఉండనే ఉంది. పేరు గడిలోకి వెళ్లగానే ఏం వినిపిస్తోంది? ‘ఎడిట్, ఖాళీ’ అని మాత్రమే వినిపిస్తే ఆ గడికి లేబుల్ లేదని అర్థం. గడిలోపల లేత బూడిద రంగులో ‘మీ పేరు’ అని రాసి అదే లేబుల్ అనుకోవడం బాగా పాతుకుపోయిన అలవాటు. టైపు చేయడం మొదలుపెట్టగానే ఆ అక్షరాలు మాయమవుతాయి. ఏ గడిలో ఏం రాస్తున్నామో మరిచిపోయేవాళ్లకు వెనక్కి చూసుకునే వీలుండదు. లేబుల్‌ను గడి పైన విడిగా రాయండి. లేబుల్ ట్యాగ్‌లో ఫర్ దగ్గర ఇచ్చిన పేరు, గడి ట్యాగ్‌లో ఐడీ దగ్గర ఇచ్చిన పేరు ఒకటే అయి ఉండాలి. చేయాల్సింది ఇంతే.

తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం దగ్గర కాస్త ఆగుదాం. మన సైటులో పిన్ కోడు తప్పుగా కొడితే గడి చుట్టూ ఎర్రగీత వస్తుంది, ఇంకేమీ జరగదు. రంగు కనిపించనివాళ్లకు ఏమీ తెలియదు. ఆర్డరు వెళ్లిందనుకుని పెళ్లివారింటి సరుకు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ‘పిన్ కోడులో ఆరు అంకెలు ఉండాలి, మీరు ఐదే రాశారు’ అని తెలుగులో రాయండి. ఆ వాక్యాన్ని గడికి జతచేసి, కర్సరు తిరిగి ఆ గడిలోకే వెళ్లేలా చేయండి. తెలుగు సైటులో తప్పు సందేశం మాత్రం ఇంగ్లీషులో ఉండటం ఎవరికీ న్యాయం కాదు.

క్రీము రంగు మీద బెల్లపు రంగు అక్షరాలు పూతరేకుల దుకాణానికి ముచ్చటగా ఉంటాయి. కానీ అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగునీడల తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 సరిపోతుంది. బెల్లాన్ని ముదురు పాకం రంగు దాకా తీసుకెళ్లండి, సరిపోతుంది.

సైటు సంచిలో (కార్టులో) వేసుకున్న సరుకుకు గడువు పెట్టి ఉంటే, అది ముగియబోతున్నదని ముందే చెప్పి, ఒక్క నొక్కుతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. బ్యాంకు ఓటీపీ గడువు మన చేతిలో లేదు, సంచి గడువు మన చేతిలోదే. వంకర అక్షరాల క్యాప్చా ఉంటే తీసేయండి. ఇంత చిన్న దుకాణానికి అది అక్కరలేదు. వినపడనివాళ్ల కోసం ఫోను నంబరుతో పాటు సందేశం పంపే దారి కూడా ఇవ్వండి. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. అంధత్వం వాటిలో ఒకటి మాత్రమే.

ఇప్పుడు తెలుగువాళ్లకు ప్రత్యేకమైన రెండు చిక్కులు. ఇంగ్లీషు పాఠాల్లో ఇవి కనిపించవు. మొదటిది పేజీ భాష. రెడీమేడ్ టెంప్లేటు తెచ్చుకుంటే, పేజీ కోడు మొదట్లో భాష చెప్పే లాంగ్ అనే చోట ఇంగ్లీషు అని ఉంటుంది. స్క్రీన్ రీడర్ దాన్ని నమ్మి మన తెలుగును ఇంగ్లీషు గొంతుకు అప్పగిస్తుంది. ఆ గొంతు అక్షరాలను దాటేస్తుంది, లేదా అర్థం కాని ధ్వనులు చేస్తుంది. అక్కడ తెలుగుకు ఉన్న రెండక్షరాల సంకేతం ‘టీ, ఈ’ రాయండి. ఒక్క నిమిషం పని.

రెండోది ధరల పట్టిక. అది సాధారణంగా ఊళ్లోని డీటీపీ సెంటరులో ‘అను’ ఫాంట్లతో కొట్టించిన పీడీఎఫ్. కంటికి చక్కటి తెలుగు. లోపల ఉన్నవి మాత్రం యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే) తెలుగు అక్షరాలు కావు, వాటి ఆకారాలకు కేటాయించిన వేరే సంకేతాలు. స్క్రీన్ రీడర్ ‘బెల్లం’ అనే చోట గజిబిజి గుర్తులు చదువుతుంది. పరీక్ష సులువు: పట్టికలోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు రాకపోతే ఆ పత్రం చూపు లేనివాళ్లకు లేనట్టే. ఫ్లెక్సీ కోసం చేసిన బొమ్మనే తెచ్చి సైటులో పెట్టినా ఇదే గతి. ధరలను యూనికోడ్‌లో పేజీలోనే పట్టికగా టైపు చేయించండి. మార్పించుకోవడానికి రెండు వందలు ఖర్చవుతాయని దుకాణదారు వెనకాడితే, టైపు మీరే చేసి ఇవ్వండి. నేనైతే ఈ ఒక్క విషయంలో రాజీపడను.

ఒక హెచ్చరిక. ‘ఒక్క లైను కోడు అతికిస్తే మీ సైటు ప్రమాణాలకు సరిపోతుంది’ అని అమ్మే ఉపకరణాలు ఉన్నాయి. తెర మూలన చక్రాల కుర్చీ బొమ్మ వస్తుంది, నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి. లేబుల్ లేని గడి లేబుల్ లేకుండానే ఉంటుంది. అలాంటి మాటలు చెప్పి అమ్మినందుకు యాక్సెసిబీ అనే కంపెనీ 10 లక్షల డాలర్లు చెల్లించాలని 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. ఖాతాదారు అడిగితే ఈ సంగతి చెప్పండి.

కొనుగోలుదారు ఫిర్యాదు చేయదలిస్తే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించవచ్చు. పత్రాలు తెప్పించుకోవడంలో, సాక్షులను పిలిపించడంలో కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. ఫిర్యాదు ఎలా రాయాలో ఏడో పాఠంలో చూద్దాం.

ఈ వారం అభ్యాసం: మీరు చేసిన సైటుల్లో ఒకదాన్ని తీసుకుని, తెర ఆర్పేసి, టాక్‌బ్యాక్ వింటూ ఒక ఆర్డరు పూర్తి చేయండి. ఎక్కడ ఆగిపోయారో, అప్పుడు ఏం వినిపించిందో కాగితం మీద రాయండి. తర్వాత చూపు లేని ఒకరిని అదే పని చేయమని అడగండి. వారి సమయానికి తగిన డబ్బు ఇవ్వండి. వారు చేస్తున్నంతసేపూ పక్కన కూర్చోండి, కానీ సాయం చేయకండి. మీ కాగితంలో లేనివి వారు చూపించినప్పుడు, ముందుగా వాటిని సరిచేసి అయిదో పాఠానికి రండి. అందులో వీడియోల్లోని మాటలను తెలుగు అక్షరాల్లో తెర మీద చూపే క్యాప్షన్లు వేయడం నేర్చుకుందాం.