చిన్న లాయర్ ఆఫీసు గూగుల్‌లో కనబడాలంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

మా బావ గుంటూరులో అడ్వకేట్. బ్రాడీపేటలో మేడ మీద రెండు గదులు, ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా, గోడ నిండా లా జర్నల్స్, అంతే ఆఫీసు. నేను షాపులకీ క్లినిక్కులకీ వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. ఒక రాత్రి ఫోన్ చేసి, "ఒరేయ్, పక్క లైన్‌లో కుర్రాడు బోర్డు పెట్టి రెండేళ్లు కాలేదు, గూగుల్లో లాయర్ అని కొడితే వాడే వస్తున్నాడు, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న నేను మాత్రం ఎక్కడా లేను, ఏం చేస్తావో చెయ్యి" అన్నాడు. సరే, షాపులకి చేసినట్టే చేసేద్దామని దిగాను. మొదటి రోజే అర్థమైంది, షాపుకి మనం మామూలుగా చేసే పనుల్లో సగం లాయర్‌కి చేస్తే సనదుకే, అంటే లాయర్ లైసెన్సుకే, ఎసరు వస్తుందని.

అందుకే ముందు రూల్ గురించి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వ రూల్ ప్రకారం అడ్వకేట్ ప్రకటనలు ఇవ్వకూడదు, నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ పని అడగకూడదు, చివరికి బోర్డు కూడా ఓ మాదిరి సైజులోనే ఉండాలి, దాని మీద ఫలానా రకం కేసుల్లో స్పెషలిస్టునని రాసుకోకూడదు. 2008లో ఈ రూల్‌ని సవరించి వెబ్‌సైట్ పెట్టుకోవడానికి వీలిచ్చారు. అందులో పేరు, అడ్రస్, ఫోన్ నంబర్లు, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్, ఏ బార్ అసోసియేషన్, చదువు, ఏయే రకం కేసులు చూస్తారు, ఇంతవరకు పెట్టొచ్చు. 2024 జూలైలో మద్రాస్ హైకోర్టు, ఆన్‌లైన్ సైట్ల ద్వారా పని వెతుక్కునే లాయర్ల మీద క్రమశిక్షణ చర్యలు తీసుకోవాలని చెప్పింది, వెంటనే బార్ కౌన్సిల్ కూడా రాష్ట్రాల కౌన్సిళ్లకి రాసింది. 2025 మార్చిలో సోషల్ మీడియా ప్రచారాల మీద మళ్లీ హెచ్చరిక వచ్చింది. ఫిర్యాదు నిలబడితే అడ్వకేట్స్ యాక్ట్ 35వ సెక్షన్ కింద మందలింపుతో మొదలుపెట్టి సస్పెన్షన్, ఆఖరికి రోల్ (అడ్వకేట్ల జాబితా) నుంచి పేరు తీసేయడం దాకా పోవచ్చు.

కాబట్టి డబ్బు కట్టి వేసే గూగుల్ యాడ్స్, "మొదటి కన్సల్టేషన్ ఫ్రీ", గెలిచిన కేసుల పేపర్ కటింగులు, క్లయింట్లతో ఫోటోలు, "నంబర్ వన్ డివోర్స్ లాయర్" లాంటివన్నీ పక్కన పెట్టేయండి. ఇంటర్నెట్‌లో దొరికే గైడ్లు ఎక్కువ భాగం అమెరికా లాయర్ల కోసం రాసినవి. అక్కడ 1977లోనే సుప్రీంకోర్టు లాయర్ల ప్రకటనలకి దారి తెరిచింది, వాళ్ల లెక్కలు వేరు, అవి చదివి ఇక్కడ చేస్తే ఇరుక్కుంటారు. ఇంకో మాట, 2008 సవరణ వెబ్‌సైట్ గురించి చెప్పిందే తప్ప గూగుల్ మ్యాప్‌లో ఆఫీసు వివరాలు చూపించే ప్రొఫైల్ ఊసెత్తలేదు. అందుకని మ్యాప్‌లో కూడా ఆ జాబితా దాటకుండా ఉండటం నా పద్ధతి. ఇంకేం మిగిలిందిరా అన్నాడు బావ. పక్క లైన్ కుర్రాడి ప్రొఫైల్ తీసి చూపించాను: పేరు, అడ్రస్, ఫోన్, టైమింగ్స్, అన్నీ కరెక్టుగా ఉన్నాయి, అంతకుమించి ఒక్క ముక్క లేదు.

మ్యాప్ ప్రొఫైల్

దగ్గర్లో ఎవరున్నారని వెతికినప్పుడు గూగుల్ చూసేవి ప్రధానంగా మూడు: వెతికిన మాటకి మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, మీ గురించి బయట ఎంత తెలుసు. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండిటికీ గూగుల్ బిజినెస్ ప్రొఫైలే మొదటి మెట్టు, అది ఉచితం.

పేరు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బోర్డు మీద ఏ పేరుందో అదే పెట్టాలి. పేరు పక్కన "బెస్ట్ క్రిమినల్ లాయర్ ఇన్ గుంటూరు" అని తగిలిస్తే గూగుల్ ప్రొఫైల్‌ని సస్పెండ్ చేయొచ్చు, బార్ కౌన్సిల్ నోటీసు ఇవ్వొచ్చు, ఒకే తప్పుకి రెండు చోట్లా శిక్ష. కేటగిరీలో లాయర్‌కి సంబంధించిన దగ్గరి మాట ఒకటి ప్రధానంగా పెట్టుకోండి, నిజంగా ప్రభుత్వం నియమించిన నోటరీ అయితే తప్ప నోటరీ అని చేర్చకండి, లేకపోతే అఫిడవిట్ మీద స్టాంపు కోసం వచ్చేవాళ్లతో గుమాస్తాకి రోజంతా గొడవే.

అడ్రస్ సంగతి గుంటూరువాళ్లకి వేరే చెప్పాలి. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైన్, పద్నాలుగో అడ్డరోడ్డు అని మనకి తెలుసు, గూగుల్‌కి అది డోర్ నంబరో ఏమిటో అర్థం కాదు. బావ విజిటింగ్ కార్డు మీద ఒకలా, లెటర్‌హెడ్ మీద ఒకలా, బార్ అసోసియేషన్ లిస్టులో పాత అద్దె ఆఫీసు అడ్రస్, ఇంగ్లీషులో పేట స్పెల్లింగ్ మూడు రకాలు. ఒక కాగితం మీద ఒకే ఒక రూపం రాసుకుని (డోర్ నంబరు, లైన్, అడ్డరోడ్డు, పేట, ఊరు, పిన్ కోడ్) అన్ని చోట్లా అక్షరం పొల్లుపోకుండా అదే పెట్టండి. తర్వాత మ్యాప్‌లో పిన్నుని వేలితో జరిపి సరిగ్గా మీ మెట్ల ముందు ఆపండి. కోర్టు దగ్గర పిన్ పెడితే ఎక్కువమందికి కనబడతామని కొందరు కోర్టు కాంపౌండ్‌లో పెడతారు, అది మీ ఆఫీసు కాదు కాబట్టి, ఆఫీసు నిజంగా మీదేనా అని గూగుల్ చూసే వెరిఫికేషన్‌లోనే దొరికిపోతారు. ఇంట్లోనే ప్రాక్టీస్ అయితే అడ్రస్ దాచిపెట్టి, ఏ ప్రాంతాలవాళ్లకి పని చేస్తారో మాత్రం చూపించే ఏర్పాటు ఉంది.

వెరిఫికేషన్ ఇప్పుడు ఎక్కువగా వీడియోతో అడుగుతున్నారు. వీధి, పక్క షాపులు, మీ బోర్డు, తాళం తీసి లోపలికి వెళ్లడం, లోపల బల్ల, పుస్తకాలు, అన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి. బావది మొదటిసారి తిరగ్గొట్టారు. కారణం చూస్తే నవ్వొచ్చింది: కింద మెట్ల దగ్గర ఇంకా ఆయన సీనియర్ గారి పేరుతో ఉన్న పాత బోర్డే వేలాడుతోంది. గురువుగారి బోర్డు తీయడానికి బావకి మనసొప్పలేదు, చివరికి దాని కిందే తన పేరుతో చిన్న పలక కొట్టించి మళ్లీ వీడియో తీశాం, ఈసారి పాసైంది.

టైమింగ్స్ విషయంలో కాస్త ఆగండి, ఇది లాయర్లకి ప్రత్యేకం. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు అని పెట్టేస్తారు, ఆ టైములో లాయర్ కోర్టులో ఉంటాడు, ఆఫీసుకి తాళం. క్లయింట్లు వచ్చేది పొద్దున కోర్టుకి వెళ్లేలోపు, లేదా సాయంత్రం ఆరు తర్వాత. గూగుల్‌లో ఒకే రోజుకి రెండు వేర్వేరు టైములు పెట్టొచ్చు, 7:30 నుంచి 9:30 ఒకటి, 6 నుంచి 9 ఒకటి. వెతికే టైముకి తెరిచి ఉన్న ఆఫీసుల వైపు గూగుల్ మొగ్గుతుంది కూడా, రాత్రి ఎనిమిదికి ఎవరో కంగారుగా బెయిల్ కోసం వెతుకుతుంటే పక్కన "ఓపెన్" అని కనబడటం ముఖ్యం. వేసవి సెలవుల్లో ఊరెళ్తే స్పెషల్ అవర్స్‌లో ఆ తేదీలు వేసేయండి.

ఫోన్ నంబర్ ఎత్తేది అయ్యుండాలి. బావ తన నంబరే ఇస్తానన్నాడు, కోర్టు హాల్లో సైలెంట్‌లో పెట్టేవాడి నంబరు ఎందుకని గుమాస్తా నంబరు ఇచ్చాం. వాయిదాల డైరీ కూడా ఆయన దగ్గరే ఉంటుంది, ఎప్పుడు రమ్మనాలో ఆయనకే తెలుసు.

రివ్యూల దగ్గర నోరు అదుపు

రివ్యూలు వేయమని క్లయింట్లని అడగాలా? షాపులకైతే అడగమనే చెబుతాను. లాయర్‌కి నా సలహా, అడగొద్దు, తనంతట తాను రాస్తే రాయనివ్వండి. డబ్బిచ్చో ఫీజు తగ్గించో రాయించుకోవడం గూగుల్ ఒప్పుకోదు, ఇటు చూస్తే పని కోసం ప్రచారం చేసుకున్నట్టూ అవుతుంది. పైగా విడాకుల కేసు నడుస్తున్న ఆవిడ తన పేరుతో "మా కేసు బాగా చేశారు" అని రాస్తే ఊరందరికీ తెలిసిపోతుంది, రేపు అవతలి లాయర్ అది కూడా చూస్తాడు.

అసలు ప్రమాదం చెడ్డ రివ్యూకి మీరిచ్చే జవాబులో ఉంది. "మీరు వాయిదాలకి రాలేదు, ఫీజు బాకీ ఉంది, మీ భార్య తరఫువాళ్లు సెటిల్మెంట్‌కి వస్తానంటే మీరే వద్దన్నారు" అని కోపంలో టైప్ చేసేస్తే, క్లయింట్ నమ్మి చెప్పిన మాట మీరే బజారులో పెట్టినట్టు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 126వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్, ఈ రహస్యం కాపాడమనే చెబుతుంది. అతను మీ క్లయింట్ అని కూడా ఒప్పుకోకుండా రెండు వాక్యాలు చాలు: "ఎవరి కేసు గురించీ ఇక్కడ మాట్లాడలేము. ఏదైనా ఇబ్బంది ఉంటే ఆఫీసుకి ఫోన్ చేయండి, మాట్లాడదాం." మీ దగ్గరికి ఎప్పుడూ రాని మనిషి, అవతలి పార్టీవాడు, కక్షతో రాశాడనిపిస్తే జవాబివ్వకుండా గూగుల్‌కి రిపోర్ట్ చేయండి. అన్నీ తీసేస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి.

తెలుగులో పేజీలు రాయండి, కానీ జనం మాటల్లో

వెబ్‌సైట్ హంగులు అక్కర్లేదు. ఫోన్‌లో తొందరగా తెరుచుకోవాలి, పైన పేరు, అడ్రస్, నొక్కితే ఫోన్ వెళ్లే నంబరు ఉండాలి. 2008 జాబితాలో ఏయే రకం కేసులు చూస్తారో చెప్పే వీలుంది కాబట్టి ఒక్కో రకానికి ఒక్కో పేజీ పెట్టుకోవచ్చు, అందులో మిమ్మల్ని మీరు పొగుడుకోకుండా విషయం చెప్పండి.

ఏ మాటలు వాడాలో తెలుసుకోవడానికి టూల్స్ కొనక్కర్లేదు. గుమాస్తాకి ఒక నోట్‌బుక్ ఇచ్చి, నెలరోజుల పాటు ఫోన్ చేసినవాళ్లు అనే మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయమన్నాను. ఎవరూ "మెయింటెనెన్స్ పిటిషన్" అనలేదు, "మనోవర్తి ఎంత వస్తదండీ" అన్నారు. "ఇంజంక్షన్ సూట్" అనలేదు, "గట్టు తగాదా, మనిషిని పొలంలోకి రానివ్వట్లేదు" అన్నారు. "మా స్థలం 22ఏలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో) పెట్టారంట" అన్నవాళ్లు ఉన్నారు. అమెరికా నుంచి అర్ధరాత్రి వాట్సాప్ చేసి "అక్కడి నుంచే జీపీఏ ఇస్తే చెల్లుద్దా" అని అడిగినవాళ్లూ ఉన్నారు, విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలన్న సంగతి వాళ్లకి తెలియదు, అదే ఒక పేజీ అయింది. చెక్ బౌన్స్ పేజీ కూడా అంతే. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు, అవతలివాడికి అందాక కట్టడానికి 15 రోజులు, కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఈ లెక్క సూటిగా తెలుగులో చెప్పండి, మనిషి చదివి తేదీలు లెక్కేసుకుని ఫోన్ చేస్తాడు.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్ వెబ్‌సైట్‌లో అతికించొద్దు, పిచ్చి గీతల్లా వస్తుంది. బొమ్మగా మార్చి పెట్టినా గూగుల్‌కి పనికొచ్చేంతగా అందదు. యూనికోడ్‌లో టైప్ చేయించండి. ఇంగ్లీషు పేజీ విడిగా ఉండాలి, మెషిన్ తర్జుమా తెలుగుని అలాగే వదిలేయకండి, లా మాటల్లో అది ఘోరాలు చేస్తుంది.

ఊరికో పేజీ ఆశకి పోవద్దు. తెనాలి లాయర్, మంగళగిరి లాయర్, నరసరావుపేట లాయర్ అని ఒకే మ్యాటర్‌లో ఊరి పేరు మార్చి ఇరవై పేజీలు పెడితే గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది. మీరు నిజంగా వెళ్లే కోర్టులు ఏవో, నేలపాడులో హైకోర్టుకి వెళ్తారా లేదా, ఒక పేరాలో రాస్తే సరిపోతుంది. డబ్బు తీసుకుని లాయర్ల పేర్లు పైన చూపించే డైరెక్టరీల జోలికి వెళ్లకండి, కారణం పైనే చెప్పాను. బార్ అసోసియేషన్ లిస్టు, చదివిన లా కాలేజీ పూర్వవిద్యార్థుల పేజీ, ఇలాంటి చోట్ల అడ్రస్ సరిదిద్దించుకుంటే చాలు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ఆఫీసులో కూర్చుని సొంత ఫోన్‌లో వెతికి "ఫస్ట్ వచ్చాం" అని సంబరపడొద్దు, అంత దగ్గర్లో మీరే వస్తారు మరి. బావ ఇలాగే మొదటివారం స్వీట్లు పంచాడు. అరండల్‌పేట నుంచి ఒకరిని, తెనాలి నుంచి ఒకరిని వెతికి స్క్రీన్‌షాట్ పంపమనండి. ప్రొఫైల్‌లో ఎంతమంది ఫోన్ నొక్కారో, ఎంతమంది దారి అడిగారో నెలవారీ కనబడుతుంది, వెబ్‌సైట్‌కి ఏ మాటలతో వచ్చారో గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో ఉచితంగా చూడొచ్చు. మూడు నెలల లోపు పెద్ద మార్పు కోసం చూడకండి.

"మొదటి ర్యాంకు గ్యారంటీ" అని ఫోన్ చేసేవాళ్లకి గుమాస్తా చేతే నో చెప్పించండి, అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తనే చెబుతోంది. ఒకవేళ ఎవరికైనా పని అప్పగించినా ప్రొఫైల్ ప్రైమరీ ఓనర్‌గా మీ సొంత మెయిల్ ఉండాలి, వాళ్లని మేనేజర్‌గా మాత్రమే చేర్చండి, డొమైన్ కూడా మీ పేరు మీదే కొనండి. బావకి నాకన్నా ముందు ఎవరో ఒకతను ప్రొఫైల్ తన మెయిల్‌తో చేసిపెట్టి, తర్వాత తన ఫోన్ నంబర్ మార్చేశాడు. ఓనర్‌షిప్ కోసం గూగుల్‌లో రిక్వెస్ట్ పెట్టాం, అవతలి మనిషికి మూడు రోజులు టైమిస్తారు, అతను పలకలేదు, దాంతో మళ్లీ వెరిఫై చేసుకుని వెనక్కి తీసుకున్నాం. ఆ బోర్డు వీడియో గొడవ వచ్చింది అప్పుడే.